అవతలి వైపు తాళ్ళు

నీళ్ళు ఇంకా తియ్యగానే ఉన్నాయి. దోసిట్లో తీసి నాలిక మీద వేసుకుని చూశాను, ఉప్పు తగల్లేదు. వైనతేయ గోదారి నుంచి మా చేల మధ్యకి వచ్చే ఈ పాయలో ఆటు ఇంకా నడుస్తూనే ఉంది, నీరు మెల్లగా నదిలోకి జారిపోతోంది, తేలిన బురద మీద పీతలు బయటికొచ్చి తిరుగుతున్నాయి. అవి అలా నింపాదిగా తిరుగుతున్నంతసేపూ నాకు కాస్త వ్యవధి ఉన్నట్టే. పోటు మొదలైందంటే సముద్రం లోపలికి వస్తుంది. రోహిణి కార్తెలో గోదారికి బలం ఉండదు, సముద్రాన్ని నెట్టలేదు, ఉప్పు మా రాజోలు దాకా ఎక్కి వచ్చేస్తుంది. ఆ నీళ్ళు పెడితే ఆకుమడి కాలిపోతుంది. పెట్టకపోతే ఎండిపోతుంది. నా వెనక గట్టు కింద మడిలో మొలక చివర్లు అప్పుడే పసుపు తిరిగాయి, నేల నెర్రెలు తీసింది. ఆ నారే నా ఏడాది తిండి. మళ్ళీ చల్లుదామంటే గాదెలో విత్తనం లేదు. ఈ పూట, ఈ ఆటులోనే మడికి నీళ్ళెక్కాలి. పాయలో నీళ్ళున్నాయి, ఒడ్డున గూడ ఉంది, గూడకి నాలుగు తాళ్ళూ ఉన్నాయి. చేతులే రెండున్నాయి.

ఏతమైతే బరువు కట్టుకుని ఒక్కడూ ఎలాగో లాగుతాడు. గూడ అలా కాదు. వెదురు బద్దల బుట్ట, చుట్టూ పేడ అలికిన బుట్ట, దానికి ఇటు రెండు తాళ్ళు, అటు రెండు తాళ్ళు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, వెనక్కి ఊపి, నీళ్ళలో ముంచి, ఒక్క ఊపున పైకి లేపి గట్టు మీద కుమ్మరించాలి. ఒకరి చెయ్యి ముందైనా వెనకైనా బుట్ట తల వాల్చేస్తుంది. పొద్దున్న నేనొక పిచ్చిపని చేశాను. అవతలి వైపు ఒక రాట పాతి, ఆ తాళ్ళు రాటకి కట్టి, ఇటు నేను లాగి చూశాను. రాట గట్టిదే, వంగలేదు, ఊడలేదు. కానీ రాట లాగదు కదా. గూడ సగం లేచి, రాట వైపుకి తిరిగి, తెచ్చిన నీళ్ళు తెచ్చినట్టే పాయలో పోసేసింది. మూడుసార్లో నాలుగుసార్లో చేసి, నన్నెవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, రాట పీకి పక్కన పడేశాను. పేటలో ఉండే దానం వస్తానన్నాడు. కామందు చేలో గట్టు పని అయిపోగానే వస్తానన్నాడు. తాటి వరస అవతల దారి తెల్లగా, ఖాళీగా, ఎండలో కళ్ళు చెదిరేట్టు ఉంది.

ఒంటివాడివైపోయావు అన్నారు పదో రోజున అందరూ. మా ఆవిడ అచ్చాయమ్మ పోయిన పదో రోజున. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అదే మాట అని, కూర్చుని, లేచి వెళ్ళిపోయారు. ద్రాక్షారామం అవతల ఇచ్చిన మా అమ్మాయి మాణిక్యం నెల్లాళ్ళుండి, పచ్చళ్ళు పెట్టి, ఏడ్చి, పిల్లలున్నారు గనక వెళ్ళింది. ఒంటివాణ్ణి అంటే ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు. ఒక్కణ్ణే అన్నం తినడమా? చిన్నప్పుడు మా నాన్న నన్ను లంకలో పుచ్చపాదులకి కాపలా పెట్టేవాడు. మంచె మీద ఒక్కణ్ణే, చుట్టూ గోదారి, నక్కల కూత. ఒక్కణ్ణే గానీ ఒంటివాణ్ణి కాను. ఎందుకంటే పొద్దు వాలేసరికి ఇవతలి ఒడ్డున మా అమ్మ వచ్చి నిలబడి ఏదో ఒకటి అరుస్తుంది, ఏమరిచిందో గాలికి తెలియదు, నేనూ ఏదో ఒకటి అరుస్తాను. ఆవిడకీ నేనేమరిచానో తెలియదు. సరిపోయేది. ఆ తర్వాత పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు, కోరంగి వైపు ఊళ్ళకి ఊళ్ళు పోయాయన్న ఏడు, ఇక్కడ మాకు గాలే, నీళ్ళు చేల దాకానే వచ్చాయి. ఆ గాలిలో నేనొక కొబ్బరి మొదలుని కావలించుకుని పడి ఉన్నాను. అప్పుడూ ఒంటివాణ్ణి కాను. చెట్టుకి అటు పక్కనుంచి ఇంకో రెండు చేతులు వచ్చి నా చేతుల్ని పట్టుకుని ఉన్నాయి. గాజులు పగిలి నా మణికట్టు కోసుకుపోయింది. తెల్లారాక చూసుకుంటే నెత్తురెవరిదో తెలియక ఇద్దరం నవ్వాం.

మణికట్టు అంటే ఆవిడ మణికట్టు గుర్తొస్తుంది. అంబాజీపేట అవతల ఆవిడ పుట్టిల్లు. చిన్నప్పుడు అటక మీంచి పడి ఎడం చెయ్యి మణికట్టు దగ్గర విరిగిందట, కట్టుకట్టినాయన వంకరగా కట్టాడట, ఆ వంకర అలాగే ఉండిపోయింది. కాపురానికొచ్చిన ఏడే నాకు గూడ జత లేకుండా పోయింది, మా తమ్ముడు వేరుపడి తన మడి తను చూసుకున్నాడు. రేపు ఎవరిని పిలవాలా అని నేను చూరు కింద కూర్చుంటే ఆవిడ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, పదండి, నేను పడతాను అంది. ఆడది గూడ వేయడమేమిటని ఊరంతా నవ్వింది. మొగుడూ పెళ్ళాల గూడ అని మాకో పేరే పెట్టారు. మొదటి రోజు బుట్ట ఆవిడ వైపుకి వాలింది. నాకు వెంటనే తెలిసింది, ఇది ఆ మణికట్టు వల్లే, ఎడం చెయ్యి అరక్షణం ఆలస్యంగా లేస్తోంది. నేనేమీ అనలేదు. అరక్షణం ఆగి లాగడం నేర్చుకున్నాను. వారం రోజులకి బుట్ట పళ్ళెంలా, చుక్క చిందకుండా లేచింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు అలాగే లేచింది. ఆవిడ చెయ్యి లోపాన్ని నా చెయ్యి మోసింది, ఆ సంగతి ఆవిడకి చెప్పి చిన్నబుచ్చకూడదు అనుకున్నాను. అది నాకో గుట్టు. లోలోపల కాస్త గర్వం కూడా.

లెక్క ఆవిడే పెట్టేది. అందరూ ఒకటి, రెండు అని పాడతారు. ఆవిడకి అంకెలు నచ్చవు. గూడకొక ఊరు చెప్పేది. ఇక్కడి నుంచి బయల్దేరి తాటిపాక ఒక గూడ, నగరం ఒక గూడ, దారిలో ఊళ్ళూ, పేటలూ, రేవులూ, ఎవరిదో తోట, ఎవరిదో కళ్ళం, అన్నీ వరసగా చెప్పుకుంటూ అంబాజీపేట దాటి వాళ్ళ పుట్టింటి అరుగు ఎక్కేసరికి ఒక విడత అయ్యేది. అరుగెక్కాక కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగేవాళ్ళం. మళ్ళీ తిరుగు దారి. ఒక్కోసారి ఊళ్ళు ఎక్కువయ్యేవి. కొత్తపేట ఎందుకొచ్చిందే, అది మీ దారి కాదుగా అంటే, మా పిన్నిని చూసి వెళ్దామండి, ఎప్పుడూ తిన్నగా వెళ్ళడమేనా అనేది. అలా నేను కదలకుండా నిలబడే మా అత్తారింటికి ఎన్ని వేలసార్లు వెళ్ళొచ్చానో. కాలినడకన నిజంగా వెళ్ళింది చాలా తక్కువ. నిజంగా వెళ్ళినప్పుడు ఊళ్ళు ఎడంగా, దారి దుమ్ముగా, పనికిమాలినట్టు ఉండేది.

పీతలు ఇంకా ఉన్నాయి. నీరు ఇంకో జానెడు దిగింది. దారి మీద ఎవరూ లేరు.

మొన్న మా తమ్ముడి కొడుకు వీర్రాజు వచ్చాడు. వాడు ఎద్దులాంటి వాడు. వాడి మడికి అప్పటికే నీళ్ళు పెట్టేసుకుని, అడక్కుండానే వచ్చి అవతల నిలబడ్డాడు. మొదటి గూడ వాడి మోకాళ్ళ మీద పోసింది. రెండోది నా మీద పోసింది. నీకు గూడ పట్టడం ఎవడు నేర్పాడ్రా అన్నాను. నువ్వే నేర్పేవు పెదనాన్నా అన్నాడు. అది నిజమే. ఇంకో పది గూడలకి ఇద్దరం తడిసి ముద్దయ్యాం, మడిలో పిచ్చిక మునిగేటన్ని నీళ్ళు కూడా పడలేదు. 

"ఇక్కడ కాలు నిలవట్లేదు పెదనాన్నా, జారిపోతంది."

"మీ పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు నిలబడింది అక్కడ. నీకు కాలు జారుతుందా?"

"పెద్దమ్మంటే పెద్దమ్మే. నువ్వు లాగే లాగుడికి నా భుజం ఊడొచ్చేలా ఉంది."

"భుజం కాదురా, ఒంట్లో పని లేదు నీకు."

తాళ్ళు కింద పడేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం వాళ్ళమ్మ వీరమ్మ నాకు అన్నం గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండానే, కొంగు సర్దుకుంటూ మాట్లాడింది.

"బావగారండి, మావోడు మొరటోడే, కాదనను. కానీ నిన్న మీరు పొరుగాయన్ని కూడా తిట్టి పంపేసేరంట కదండీ."

"ఆయనకీ రాదమ్మా గూడ."

"ఆయ్. ఊళ్ళో ఎవరికీ రాదండి. మీతో గూడ వేయాలంటే మా అక్కే మళ్ళీ పుట్టి రావాలండి, అప్పటికి నారు ముదిరిపోద్ది."

నవ్వుతూనే అంది. నాకు కోపం రాలేదు. పప్పులో ఉప్పెక్కువైందని మాత్రం అనిపించింది. రాత్రి పడుకుని నా చేతులు నేను చూసుకున్నాను. తప్పెక్కడుందో తెలిసిందనుకున్నాను. వీర్రాజుకీ పొరుగాయనకీ ఏ లోపమూ లేదు. నా చేతులే ఆ అరక్షణం ఆగుతున్నాయి. లేని మణికట్టు కోసం ఆగుతున్నాయి. ఇక ఎవరితోనూ జత కుదరకుండా ఆ మనిషి కొలతకే అరిగిపోయాయి నా చేతులు, ఇదన్నమాట ఒంటివాణ్ణి అంటే, అనుకున్నాను. అనుకుంటే కాస్త ఊరట. బాధలో కూడా మన మంచితనం మనకి కనపడితే ఊరటగా ఉంటుంది.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టేశారు. మాకూ కాలవ వస్తుందంటున్నారు. గన్నవరం దగ్గర గోదారి మీంచే ఇంకో గోదారిని దాటిస్తారట, కింద ఒక నది, మీద ఒక నది. ఈ మాట విన్నప్పుడు అచ్చాయమ్మ నమ్మలేదు. నీళ్ళ మీద నీళ్ళు నడుస్తాయా అంది. నడిస్తే గూడ చూరుకి కట్టేయొచ్చే, హాయిగా కూర్చుందాం అన్నాను. కూర్చుంటే మా ఊరు ఎప్పుడెళ్తామండి అంది. నేను అది వేళాకోళం అనుకున్నాను.

ఒక పీత బొరియలోకి దూరింది. దాని వెనకే ఇంకోటి. లేచి నిలబడ్డాను, దారి మీద తలగుడ్డ ఊగుతూ కనపడింది. దానమే. పరుగులాంటి నడకతో వస్తున్నాడు, పలుగు భుజాన ఉంది. పేటలో కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్న రెండిళ్ళలో వాడిదొకటి. అప్పటి నుంచి వాడి సొంత అన్న కూడా జాతరకి పిలవలేదని విన్నాను.

"ఆలస్యమైపోయిందండి బాబుగారండి. కామందుగారు వదల్లేదండి."

"పోటు వచ్చేస్తోందిరా. మాటలొద్దు, అటు నిలబడు."

నిలబడ్డాడు. తాళ్ళు అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. ఊపాం. ముంచాం. లేపాం. బుట్ట గిర్రున తిరిగి పాయలో పడింది. మళ్ళీ. మళ్ళీ అదే. ఆపకూడదని అయిదారుసార్లు ఊపాం, గట్టు మీదికి వచ్చింది దోసెడే. దానం కిందికి, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"అమ్మగారి గుంటల్లో కాళ్ళు ఆనడం లేదండి."

ఒడ్డున మేం నిలబడే చోట కాళ్ళకి గుంటలుంటాయి. ఏటా అక్కడే నిలబడి నిలబడి బంకమట్టిలో పడినవి. 

"గుంటలకేమొచ్చిందిరా?"

"ఇందులో నిలబడితే మనిషి ఒరిగిపోతాడండి. తవరొకసారి ఇలా రండి."

కోపంగానే వెళ్ళాను, చూపిద్దామని. ముప్ఫై ఏళ్ళలో నేను ఆ వైపు ఎప్పుడూ నిలబడలేదు. నిలబడాల్సిన పని ఏముంది? కుడికాలు పెట్టాను, అది వెనక ఎక్కడో ఉంది, మడమ పట్టేంత గుంట మాత్రమే. ఎడంకాలు చాలా ముందుకి, నీళ్ళ అంచుకి, పిక్క దాకా దిగిపోయే లోతు గుంట. ఆ రెండింట్లో నిటారుగా నిలబడటం ఎవరివల్లా కాదు. నడుం ఎడం వైపుకి మెలి తిప్పి ముందుకి వంగితే తప్ప ఒళ్ళు నిలవదు. ఒంట్లో లోపం ఉన్న మనిషి ఇలా నిలబడదు. ఎవరో లాక్కుపోతుంటే తట్టుకోవడానికి నిలబడ్డట్టుంది ఇది. 

"ఇలా ఎందుకు నిలబడేదిరా?"

దానం అవతలికి వెళ్ళి నా గుంటల్లో నిలబడ్డాడు, అవి చక్కగా, పక్కపక్కనే, పీటలా ఉన్నాయి. తాళ్ళు చుట్టుకుంటూ, నా ముఖంలోకి చూడకుండా అడిగాడు.

"తవరిలాగా లాగమంటారా అండి?"

"నేనెలా లాగుతాను?"

"కోపం పడకండి. గూడ లేచేటప్పుడు తవరు ముందే గుంజేస్తారండి. గట్టు పని చేసేవాళ్ళం అందరం చూసేవాళ్ళమండి."

"ముందా? ఆవిడ మణికట్టు కోసం అరక్షణం ఆగేవాణ్ణిరా నేను."

"అమ్మగారి మణికట్టుకేమండి. నిండు బిందె ఆ చేత్తోనే ఎత్తి చంకన పెట్టుకునేవారు కదండీ."

ఎత్తేది. నిండు బిందె ఆ చేత్తోనే ఎత్తేది. నేను చూశాను, రోజూ చూశాను. మరి నేనెలా...

"లాగరా," అన్నాను. "నాలాగే లాగు."

ఊపాం, ముంచాం. లేపేటప్పుడు అవతలి నుంచి ఒక్క గుంజు వచ్చింది. నా ఒంట్లో ఎముకలన్నీ అటు కదిలాయి. తాడు నా అరచేతిలోంచి జారబోయింది. నేను పడకుండా, ఆలోచించకుండా, ఎడంకాలు ఆ లోతు గుంటలో తొక్కి, నడుం తిప్పి, వంగి, వెళ్ళినంత మేరా తాడుతోపాటు వెళ్ళాను. బుట్ట పళ్ళెంలా లేచింది. నిండుగా. చుక్క చిందలేదు. గట్టు దాటి నీళ్ళు మడిలో పడ్డ చప్పుడు వినపడింది.

ఇద్దరం ఒకర్నొకరం చూసుకోలేదు. మళ్ళీ ఊపాం. మళ్ళీ నిండుగా. నేను ఆగడం నేర్చుకున్నాను అనుకున్న ఆ మొదటి వారం, ఆవిడ వంగడం నేర్చుకుంది. గుంట ఆ వారమే తవ్వుకుని ఉంటుంది, కాలి మడమతో, నేను చుట్ట కాల్చుకుంటూ అటు తిరిగి కూర్చున్నప్పుడు. ఒక్క మాట అంటే సరిపోయేది కదా. మెల్లగా లాగండి అని. ఎందుకనలేదు? బుట్ట తిన్నగా లేచిన రోజున నా ముఖం చూసి ఉంటుంది. నేను ఎంత మురిసిపోయి ఉంటాను ఆ రోజు. మోస్తున్నాననుకునే వాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఆవిడకి తెలుసు. ఇదంతా లోపల నడుస్తుండగానే చేతులు పని చేస్తున్నాయి. దానం గుంజుతున్నాడు, నేను వంగుతున్నాను. వాడు అచ్చం నాలాగే గుంజుతున్నాడు, వాడికి నా మీద ఏం కోపమూ లేదు, అయినా ఒక్కో గుంజుకీ నాకు ఎవడ్రా వీడు, కాస్త అవతలి మనిషిని చూసుకోడా అనిపిస్తోంది. మళ్ళీ నాకే నవ్వొస్తోంది.

"నేను మెల్లగా లాగుతానండి ఇంక. తవరికి కష్టంగా ఉంది."

"వద్దు. ఇప్పుడు మారిస్తే జత పోతుంది. అలాగే కానీ."

"ఆయ్."

లెక్క ఎవరూ పెట్టలేదు. మడిలో నెర్రెలు నీళ్ళు తాగుతున్న చప్పుడు, బుస బుసమని, చాలాసేపు అదొక్కటే. తర్వాత అదీ ఆగింది, అంటే నేల కడుపు నిండింది, నీళ్ళు పైకి తేలాయి. నేను ఒక చేత్తో పాయలో నీళ్ళు తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. పలచగా, చెమటంత ఉప్పు. నా ముఖం మీది చెమటేనేమోనని ఇంకోసారి చూశాను. కాదు, సముద్రమే. బురద మీద పీత ఒక్కటీ లేదు. 

"చాల్రా," అని గట్టు మీద కూలబడ్డాను.

దానం గూడ గట్టు మీద బోర్లించి, చేతులు కడుక్కుని, మడి అంచు వెంట ఒకసారి నడిచి వచ్చాడు. 

"అంతా తడిసిందండి. మూలకి కూడా వెళ్ళేయి నీళ్ళు. బతుకుద్దండి."

"ఎల్లుండి మళ్ళీ ఆటుకి వస్తావా?"

"వస్తానండి. ఎటు నిలబడమంటారు?"

"ఇప్పుడు నిలబడ్డ చోటే, నా గుంటల్లోనే."

వాడు నవ్వి, పలుగు తీసుకుని, మళ్ళీ ఆగాడు. "తవరు లేవగలరా అండి?" అని అడిగాడు. లేవగలను, వెళ్ళరా అన్నాను. వెళ్ళాడు. నిజానికి లేవలేకపోయాను. నడుం ఎడం పక్క, పక్కటెముకల కింద, అరచెయ్యంత మేర పట్టేసింది. ఇన్నేళ్ళ పనిలో నాకెప్పుడూ నొప్పి రాని చోటు అది. కుడి భుజం తెలుసు, మోకాళ్ళు తెలుసు, ఈ చోటు నా ఒంట్లో ఉన్నట్టే తెలియదు. ఒరిగి గట్టు మీద పడుకున్నాను. పోటు నీరు పాయలో గలగలమంటూ లోపలికి వస్తోంది. నొప్పి ఊపిరి తీసినప్పుడల్లా అక్కడే, అంతే మేర, అంతే లోతున కదులుతోంది. చెయ్యి అక్కడి దాకా వెళ్ళింది గానీ రుద్దుకోలేదు. చెయ్యి దాని మీద వేసి, అలా ఉంచి, తగ్గిపోకుండా చూసుకుంటున్నట్టు కదలకుండా పడుకున్నాను.